పడుకోబెట్టవలసిన సీసా

నేను ఒక పోర్టు వైన్ సీసాను. ముందే చెబుతున్నాను, నన్ను విస్కీ అనకండి, బ్రాందీ అనకండి, బలం మందు అని అసలే అనకండి. ముప్పై ఏళ్ళు విశాఖపట్నంలో ఒక షోకేసులో నిలబడి ఈ మూడు మాటలూ విని విని నా ఓపిక అడుగంటింది.

నేను పుట్టింది పోర్చుగల్‌లో, దౌరో నది ఒడ్డు కొండల మీద. అక్కడ ద్రాక్షపళ్ళను రాతి తొట్లలో పోసి, మనుషులు ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని తొక్కుతారు. ఆ రసం పులుస్తూ ఉండగానే, ఇంకా తీపి మిగిలి ఉండగానే, ఘాటైన ద్రాక్ష సారా పోసి పులియడం ఆపేస్తారు. మా వంశానికి తీపీ మత్తూ రెండూ అబ్బింది అందుకే.

అలాగని మేమంతా ఒక్కటి కాదు. రూబీ అని మా తమ్ముడున్నాడు. ఎర్రగా, దుడుకుగా ఉంటాడు, కొన్న రోజే తాగెయ్యవచ్చు. మా అన్న టానీ ఏళ్ళ తరబడి పీపాలో కూర్చుని, రంగు వెలిసి, వేయించిన జీడిపప్పు వాసనతో బయటికి వస్తాడు. మూత తీసి నెల రోజులు మరిచిపోయినా ఏమీ అనుకోడు. తెల్లద్రాక్ష చెల్లెలు ఒకతె ఉంది, చల్లబరిస్తే తప్ప పలకదు. నేను వింటేజ్‌ని. పంట గొప్పగా పండిన ఏడు మాత్రమే పుడతాను. పీపాలో రెండేళ్ళుండి, ఆ తర్వాత సీసాలో, చీకట్లో, ఇరవై ముప్పై ఏళ్ళు పడుకుని పండాలి. పడుకుని అన్నాను, గమనించండి. నిలబెడితే బెండు బిరడా ఎండిపోయి గాలి దూరుతుంది, నేను చెడిపోతాను. తెరిచాక ఒకటి రెండు రోజుల్లో ముగించాలి. నేను అడిగేది ఇంతే. ఇదేమైనా గొంతెమ్మ కోరికా?

నన్ను ఇక్కడికి తెచ్చింది తవారెస్ అనే ఓడ కేప్టెన్. తుపాను గాలిలో ఆయన ఓడ రేవు ముఖద్వారం దగ్గర రాళ్ళ వైపు కొట్టుకుపోతుంటే, ఓడల్ని లాగే టగ్గు బోటు నడిపే సరంగు ఎల్లాజీ తాడు వేసి లోపలికి లాక్కొచ్చాడు. మర్నాడు కేప్టెన్ నన్ను ఎల్లాజీ చేతుల్లో పెట్టాడు. ఒకరి భాష ఒకరికి రాదు. కేప్టెన్ నన్ను పసిబిడ్డలా పడుకోబెట్టి చూపించాడు. చెయ్యి గుండ్రంగా తిప్పి, అందరూ కలిసి తాగాలని సైగ చేశాడు. ఖాళీ గ్లాసు బోర్లించి, ఆ పూటే ముగించాలని చూపించాడు. నా బతుకులో నన్ను అర్థం చేసుకున్న మొదటి విశాఖవాసి ఎల్లాజీయే. ఆ విశాఖవాసి ఇంట్లో భార్య కూడా ఉందన్న సంగతి నాకప్పుడు తెలియదు.

నూకరత్నం మంచిదే, కాదనను. ఆమె తండ్రి నాటుసారా తాగి తాగి నలభై ఏళ్ళకే పోయాడట. అందుకని పెళ్ళయిన వారంలోనే ఎల్లాజీ చేత నూకాలమ్మ గుడిలో మందు ముట్టనని ఒట్టు వేయించింది. అతను ముట్టలేదు. నేను బహుమతిని కాబట్టి పారెయ్యలేక, ప్లాస్టిక్ తాజ్‌మహల్ పక్కన, సరిగ్గా ట్యూబులైటు కింద నిలబెట్టింది. ఉదయం డ్యూటీకి వెళ్ళేముందు ఎల్లాజీ నన్ను పడుకోబెట్టేవాడు. సాయంత్రం దుమ్ము దులుపుతూ ఆమె లేపి నిలబెట్టేది. పడుకున్న సీసాను చూస్తే వచ్చినవాళ్ళు ఎవరో తాగి పడేశారనుకుంటారని ఆమె బాధ. పగలు పడక, రాత్రి కొలువు. వాళ్ళిద్దరి పంతం వల్ల నా బిరడా సగం తడిగా, సగం పొడిగా ఎలాగో బతికింది.

కూతురు పురుడు పోసుకున్నప్పుడు పక్కింటావిడ బాలింతకు రోజుకో చెంచా పట్టమంది. రోజుకో చెంచా! నేనేమైనా దగ్గుమందునా? మరోసారి అల్లుడు సోడా తెచ్చి నా ముందు నిలబడ్డాడు. రెండుసార్లూ ఎల్లాజీయే అడ్డుపడ్డాడు, దీన్ని తెరిస్తే అందరం కలిసి ఆ పూటే ముగించాలని.

అతను రిటైరైన రోజు నన్ను చేతిలోకి తీసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఒక్క గుక్క, రత్నం. అందరం కలిసి. ఒట్టు తప్పినట్టు అవుతాదంటావా?”

“అవుతాది,” అంది ఆమె, పొయ్యి మీంచి తల తిప్పకుండా.

అతను తలూపి, నన్ను మళ్ళీ పడుకోబెట్టి, అన్నానికి కూర్చున్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు. ఆ రోజు నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. అడగడమెందుకు, ఒక్క మాటకే ఊరుకోవడమెందుకు?

నాలుగేళ్ళ తర్వాత గుండె నొప్పితో అతను పోయాడు. ఆ పదమూడు రోజులూ నన్ను పడుకోబెట్టేవాళ్ళు లేరు. పెద్దకార్యం నాడు, వాళ్ళ ఆచారం ప్రకారం, పోయినవాడికి ఇష్టమైనవన్నీ ఫొటో ముందు ఆకులో పెట్టారు. వంజరం చేపల పులుసు పెట్టారు, చుట్ట పెట్టారు. టగ్గులో పనిచేసిన స్నేహితుడొకడు విస్కీ సీసా తీస్తే నూకరత్నం చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆయన ఇది ముట్టలేదు గదా. ముట్టకుండా దాసుకున్నది ఉంది. అది తియ్యండి.”

బిరడా తీసే పరికరం ఆ వీధిలోనే లేదు. అల్లుడు చేపల కత్తితో పొడిస్తే నా బిరడా ముక్కలై లోపలికి పడింది. అడుగున ముప్పై ఏళ్ళ మడ్డి. పాడైపోయిందని ఎవరో అన్నారు. ఆమె ఎల్లాజీ తెల్ల పంచె చింపి, నన్ను నెమ్మదిగా వంచి, చెంబులోకి వడగట్టింది. మడ్డి రాకుండా మమ్మల్ని వంచవలసిన పద్ధతి అదే. ముప్పై ఏళ్ళు అన్నీ తప్పే చేసిన మనిషి, ఎవరూ చెప్పకుండా ఆ ఒక్కటీ సరిగ్గా చేసింది.

మొదటి గ్లాసు ఫొటో ముందు పెట్టారు. మిగిలింది పద్నాలుగు స్టీలు గ్లాసుల్లో అందరికీ తలా గుక్కెడు వచ్చింది. ఎండకూ ట్యూబులైటుకూ నా పరిమళం సగం పోయింది, ఒప్పుకుంటాను. మిగతా సగం మాత్రం నిలబెట్టుకున్నాను. నూకరత్నం కూడా పుచ్చుకుంది. గుక్క మింగి గ్లాసులోకి చూసింది.

“తియ్యగుంది. మా అయ్య తాగింది ఇది కాదు.”

ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. గ్లాసులన్నీ ఆ పూటే బోర్లించారు.

మర్నాడు ఆమె నన్ను కడిగి, తుడిచి, షోకేసు తెరిచింది. అలవాటుగా నిలబెట్టబోయి ఆగింది. తువ్వాలు చుట్టి నా కింద పెట్టి, దొర్లిపోకుండా నన్ను పడుకోబెట్టింది. అప్పటినుంచి రోజూ దులుపుతుంది, మళ్ళీ పడుకోబెడుతుంది.

ఖాళీ సీసాను పడుకోబెట్టే పనే లేదు. బిరడా లేదు, తడపడానికి లోపల చుక్క లేదు. ఈ మాట ఆమెకు చెప్పే నోరు నాకు లేదు. ఉన్నా చెప్పను.