రోజు విడిచి రోజు

మాత్రను కత్తెరతో కోస్తే సగం పొడైపోతుంది. కుట్లు విప్పే బ్లేడును దాని నడుము మీద ఆనించి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాలి. అప్పుడే రెండు చెక్కలూ సమానంగా విడిపోతాయి. ఈ విద్య మేస్త్రికి ఊరికే రాలేదు, బోలెడన్ని మాత్రలు పొడి చేశాక వచ్చింది.

ఆ పొద్దున కూడా అలాగే విరిచాడు. ఒక చెక్కను కాగితంలో చుట్టి సూదుల డబ్బాలో దాచాడు. రెండోదాన్ని ఉడికిన గుడ్డు ముక్కలో దూర్చాడు. పెట్టబోయే ముందు కుక్క తొడుక్కున్న చొక్కా మెడపట్టీని తిరగేసి చూశాడు. సుద్ద గీత లేదు. గీత లేదంటే నిన్న ఇవ్వలేదన్నమాట. నిన్న ఇవ్వలేదు గనక ఇవాళ ఇవ్వాలి. కాళ్ళ మధ్య వగరుస్తూ నిలబడ్డ కుక్క గుడ్డుతో పాటు అతని వేలిని కూడా మింగబోయింది.

"నా వేలు నాకు వదిలెయ్యవే తల్లీ. ఇంకా నాలుగు పంట్లాలు కురచ చెయ్యాలి" అన్నాడు మేస్త్రి. జేబులోంచి సుద్ద బిళ్ళ తీసి మెడపట్టీ లోపల ఒక గీత గీశాడు.

అతను కొత్త బట్ట కుట్టి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తులేదు. లావైన వాళ్ళకు వదులు చేయడం, చిక్కిన వాళ్ళకు బిగించడం, అన్న చొక్కా తమ్ముడికి సరిచేయడం, ఇదే పని. వీధిలో అందరూ సర్దుబాటు మేస్త్రి అంటారు. డెబ్బై దాటాయి. వీపు మిషను మీదికి వంగి వంగి అలాగే ఉండిపోయింది. కళ్ళజోడుకు కాడలు విరిగితే రబ్బరు నాడా కట్టుకున్నాడు. మెడలో టేపు అన్నం తినేటప్పుడు కూడా తీయడు. మెట్ల కింద గదికి అడ్డంగా తెర కడితే ఇవతల దుకాణం, అవతల ఇల్లు. ఉన్నది ఇద్దరు మనుషులు, ఒక కుక్క.

కుక్క పేరు గుండీ. ఎనిమిదేళ్ళ కిందట ఒకామె కోటు పొట్టి చేయమని ఇచ్చి, పది నిమిషాల్లో వస్తానని కుక్కను కూడా అక్కడే కట్టేసి వెళ్ళింది. కోటు కోసమూ రాలేదు, కుక్క కోసమూ రాలేదు. రెండేళ్ళు చూసి మేస్త్రి ఆ కోటును కోసి, లోపల మెత్తటి పాత పంచె అతికి, కుక్కకు చొక్కా కుట్టాడు. "ఆవిడ వస్తే రెండూ కలిపి ఇచ్చేద్దాం" అంది భార్య. ఆమె ఇప్పటికీ అదే మాట అంటుంది.

కిందటేడు గుండీ చిగుళ్ళు తెల్లబడి, నడవలేక కూలబడిపోయింది. తన రక్తాన్ని తానే పాడుచేసుకునే జబ్బు అన్నారు. స్టెరాయిడ్ మాత్రలు దాన్ని బతికించాయి. బతికించాక అసలు పని మొదలైంది. ఎన్ని నీళ్ళు పోసినా చాలవు. తాగిన నీళ్ళు ఆగవు. రెండు గంటలకోసారి వీధిలోకి తీసుకెళ్ళాలి. ఎంత తిన్నా తిననట్టే చూస్తుంది. పొట్ట కుండలా దిగింది, తొడలు పుల్లలయ్యాయి. వీపు మీద బొచ్చు పలచబడి, చర్మం ఉల్లిపొరలా తయారైంది. ఎక్కడ గీరుకుపోయినా నెలకు గానీ మానదు. మేస్త్రి మిగులు గుడ్డలతో పడక కుట్టాడు. పక్క ఎక్కడానికి పీట వేశాడు. అన్నం గిన్నె లోపల గీత గీసి, దానికి పైన ఒక్క మెతుకు పెట్టనివ్వలేదు. నీళ్ళకు మాత్రం గీత లేదు. నీళ్ళు ఆపకూడదని పశువుల డాక్టరమ్మ ముందే చెప్పింది. చొక్కాను పొట్ట దగ్గర మూడుసార్లు వదులు చేశాడు, తొడల దగ్గర రెండుసార్లు బిగించాడు.

ఒక్కసారే తప్పు చేశాడు. గుండీ ఒకాయన కోటు మీద పోసేసింది. ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ కోపంలో, ఈ మాత్రల వల్లే కదా ఇదంతా అని మేస్త్రి మాత్రలు మానిపించాడు. మూడో రోజుకు గుండీ తడి గుడ్డలా నేలకు అంటుకుపోయింది. డాక్టరమ్మ సూదులు వేసి, మాత్రలు ఒంటి సొంత పనిని నిద్రపుచ్చుతాయని, దాన్ని మెల్లగా లేపాలే తప్ప ఒక్కసారిగా మానిపిస్తే ప్రాణానికే ముప్పని మందలించింది. మేస్త్రికి తన పనిలోంచి అర్థమైంది. బిగువు కుట్టును ఒక్క లాగు లాగితే గుడ్డ చిరుగుతుంది. ఒక్కొక్క కుట్టే తెంపాలి.

అప్పటినుంచి భార్య మాత్రల జోలికి రాలేదు. ఆమెకు చదువు రాదు. డబ్బా మీద ఏం రాసుందో తెలియని మందును ముట్టుకుని ఒక ప్రాణం మీదికి తేనంది. మేస్త్రి కూడా బలవంతపెట్టలేదు.

పన్నెండు రోజుల కిందట డాక్టరమ్మ సగం మాత్రను రోజు విడిచి రోజుకు తగ్గించింది. దాహం తగ్గుతుందంది. తగ్గలేదు. తగ్గకపోతే చక్కెర జబ్బు వచ్చిందేమో చూడాలని, వస్తే బతికినన్నాళ్ళూ రోజుకు రెండు సూదులని ముందే చెప్పింది. మేస్త్రి వారం నుంచి సరిగా తినడం లేదు. రోజంతా సూదితోనే బతికే మనిషి, గుండీకి సూది అనుకోగానే చేతిలో పని పక్కన పెట్టేస్తున్నాడు.

పది గంటలకు గరిటె పట్టుకుని వీధిలోకి దిగాడు. పరీక్షకు కుక్క మూత్రం పట్టాలి. గుండీ కూర్చోబోతే గరిటె చాపాడు. గుండీ లేచి నాలుగడుగులు నడిచింది. ఎదురుగా తాళాలు బాగుచేసే అతను తన బల్ల మీద నుంచి చూస్తున్నాడు.

"అన్నా, వదిన ఆ గరిటెతోనే వడ్డిస్తుందా?"

"నువ్వు భోజనానికి వచ్చిన రోజు మాత్రం ఇదే" అన్నాడు మేస్త్రి, వంగినవాడు వంగినట్టే.

డాక్టరమ్మ చిన్నది, మాట సూటిగా ఉంటుంది. మేస్త్రి ఎలాగో పట్టి ఆస్పత్రికి తెచ్చిన మూత్రంలో కాగితం పుల్ల ముంచి, కాసేపు ఆగి, చక్కెర లేదంది. మేస్త్రి కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత ఆమె మాత్రల అట్ట అడిగి తీసుకుని చూసింది. పదింటిలో మూడు అయిపోయి ఏడుండాలి. నాలుగే ఉన్నాయి.

"పెద్దాయనా, మీరు రోజూ ఇస్తున్నారు. దాహం తగ్గనిది అందుకే."

"లేదమ్మా. సుద్ద గీత చూసుకునే ఇస్తున్నాను. నా మతిమరుపు నాకు తెలుసు, అందుకే గీత పెట్టుకున్నాను."

"మరి గీత అబద్ధం చెబుతోంది" అందామె. ప్రమాదమేమీ లేదని, రేపు కూడా ఇచ్చి ఎల్లుండి మానమని, అక్కడినుంచి రోజు విడిచి రోజు తప్పకుండా నడపమని చెప్పింది. మేస్త్రి నవ్వుతూ గుండె దగ్గర రుద్దుకోవడం చూసి, ఎందుకని అడిగింది. మెట్లెక్కి వచ్చాను కదా అన్నాడు. మనుషుల డాక్టరుకు చూపించుకోమంది. ఈ నాలుగు పంట్లాలూ అయ్యాక వెళ్తానన్నాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. భార్య గుండీ చొక్కా విప్పి, బల్ల మీద పరిచి, తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె జరిపింది. మెడపట్టీని తిరగేసి అక్కడా రుద్దింది. మేస్త్రి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

నలభై ఆరేళ్ళుగా జరుగుతున్నది అదే. అతను సుద్దతో గీస్తాడు, కత్తిరిస్తాడు, కుడతాడు. ఆ గీతలు కనపడకుండా చేసే పని ఆమెది. ఇస్త్రీ పడని బట్ట ఆ గడప దాటదు. గీత మిగిలితే పని మిగిలినట్టేనని పెళ్ళయిన కొత్తలో ఆమెకు నేర్పింది అతనే.

"రోజూ చేస్తున్నావా దీన్ని?"

"పన్నెండు రోజుల్నుంచీ చూస్తున్నా, లోపల గీత పెట్టి వదిలేస్తున్నారు. వయసైపోయింది, ఏం అంటాంలే అని నేనే తుడిచేస్తున్నా" అంది ఆమె.

మేస్త్రి మిషను ముందు కూర్చుని, కళ్ళజోడు తీసి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. సంగతి విన్నాక ఆమెకు కోపం వచ్చింది. నాతో ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయిందంది. తెర అవతలికి వెళ్ళి గిన్నెలు గట్టిగా సర్దింది. కాసేపటికి తానే తిరిగొచ్చి, "అయితే సూదులు లేవుగా దీనికి?" అంది.

"లేవు. ఇలా రా, కూర్చో."

ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఎర్ర దారం సూదికెక్కించాడు. మెడపట్టీ లోపల రెండు పొడవాటి టాకాలు వేశాడు. ఇది ఇస్త్రీకి పోదన్నాడు. ఎర్ర దారం ఉన్న పొద్దున సగం మాత్ర ఇవ్వాలి, ఇవ్వగానే దారం లాగెయ్యాలి. దారం లేని రోజు ఇవ్వకూడదు, ఆ సాయంత్రం మళ్ళీ వెయ్యాలి.

"నాకెందుకు చెబుతున్నారు? నేను సూది పట్టి ఎరగను."

"చదవక్కర్లేదు కదా. చూస్తే చాలు."

బ్లేడు మాత్ర నడుము మీద ఎలా ఆనించాలో కూడా చూపించాడు. ఆమె ఒప్పుకోలేదు, అలాగని లేచి వెళ్ళనూ లేదు.

సాయంత్రం మూడు పంట్లాలు పూర్తయ్యాయి. నాలుగోది పక్కన పెట్టి మేస్త్రి గుండీ పొట్టకు టేపు చుట్టాడు. మళ్ళీ వేలెడు పెరిగింది. దాని ఒంటి మీది చొక్కాకే, పక్క కుట్టుకు ఇవతలగా, కొత్త కుట్టు పడాల్సిన చోట సుద్దతో నిండు గీత గీశాడు. మెడ నుంచి అంచు దాకా చెయ్యి ఎత్తకుండా గీశాడు. గుండీ తలుపు దగ్గరికెళ్ళి గీకింది. అది బయటికి వెళ్ళే వేళ.

"నేను తిప్పుకొస్తాలే, మీరు ఆ నాలుగోది కుట్టండి" అంది భార్య.

ఆమె వీధి చివరి దాకా వెళ్ళింది. గుండీ మూడుచోట్ల ఆగింది. తిరిగొస్తుంటే మిషను చప్పుడు వినిపించలేదు. మేస్త్రి బల్ల మీద చెంప ఆనించి ఉన్నాడు, కళ్ళజోడు నుదుటి మీదికి జరిగి ఉంది. గుండీ వెళ్ళి అతని పాదం మీద పడుకుంది. ఆమె పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత ఇక పిలవలేదు.

తెల్లవారేసరికి గదినిండా జనం. ఆమెను గోడవారగా కూర్చోబెట్టి, లేవొద్దన్నారు. పక్కన ఎవరో ఒకామె చెయ్యి పట్టుకునే ఉంది. ఎండ గుమ్మంలోకి వచ్చాక గుండీ జనం కాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని వచ్చి ఆమె ముందు నిలబడి వగర్చింది. ఆమె మెడపట్టీ తిరగేసింది. ఎర్ర దారం ఉంది.

దీనికి మాత్ర వెయ్యాలంటూ చెయ్యి విడిపించుకుని లేచింది.

"ఎక్కడికి వదినా, కూర్చో" అన్నాడు తాళాలతను. "కుక్కకు ఒక్కరోజు మాత్ర లేకపోతే ఏమవుతుంది?"

"చచ్చిపోతుంది" అంది ఆమె. "మీరు కాస్త జరగండి, నాకు పొయ్యి కావాలి."

గుడ్డు ఉడికింది. సూదుల డబ్బాలో నిన్నటి చెక్క ఉంది, విరవాల్సిన పని లేకపోయింది. గుండీ మింగింది. ఆమె ఎర్ర దారాన్ని గోటితో పట్టి లాగి, వెళ్ళి మళ్ళీ గోడవార కూర్చుంది.

మర్నాడు దారం లేదు, మాత్ర ఇవ్వలేదు. సాయంత్రం చొక్కా విప్పి, కిటికీ దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కించబోయింది. పదకొండోసారికి ఎక్కింది. వంకరగా, ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా, రెండు టాకాలు పడ్డాయి. ఎర్రగా కనపడుతున్నాయి, అంతే చాలు.

తర్వాత అలవాటు కొద్దీ ఇస్త్రీ పెట్టె వేడి చేసింది. మెడపట్టీ మీద జరిపింది, వీపు మీద జరిపింది. పక్కకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. పెట్టె తీసి నిలబెట్టి, చొక్కాను మేకుకు తగిలించింది. చొక్కా పక్కభాగంలో, విప్పిన పాత కుట్ల మూడు వరసల చిల్లులకు ఇవతల, మెడ నుంచి అంచు దాకా తెల్లటి సుద్ద గీత ఒకటి అలాగే ఉంది.