ఉడకని పప్పు

ఆ ఆదివారం మా చర్చిలో కొత్త బాప్తిస్మపు తొట్టికి ప్రతిష్ఠ. నున్నటి టైల్స్, స్టీలు కుళాయి, గోడ మీద దాత పేరు: శోభనాద్రి. ఊరి చుట్టూ ఉన్న రొయ్యల చెరువులన్నీ ఆయనవే. గుళ్ళో గంగమ్మ విగ్రహమూ ఆయనిచ్చిందే.

మూడు తరాలుగా మేం కాలవలోనే మునిగి బాప్తిస్మం తీసుకున్నాం, ఆ నీళ్లే తాగాం. ఇప్పుడు ఆయన చెరువుల మురుగు తూములోంచి అందులోకే దూకుతోంది. నురగ, చచ్చిన రొయ్యల కంపు. ఆ కంపులో నిలబడే పాస్టరు నతానియేలుగారు దాతను దీవించారు.

తర్వాత ఒక ఆఫీసరు లేచి కాగితం చదివాడు. కాలవ నీళ్లు పరీక్ష చేశారట, భేషుగ్గా ఉన్నాయట.

"రెండు నెలల్నించీ మా పప్పు ఉడకట్లేదండీ," అంది మా అత్త కనకరత్నం.

శోభనాద్రి నవ్వాడు. "వంటింటి కబుర్లు సైన్సు అయిపోతాయా?"

గంగమ్మకు నైవేద్యం వండే మాధవి ముందే వండి తెచ్చిన రెండు గిన్నెలు బల్ల మీద పెట్టింది. ఒకే కందిపప్పు. వాననీళ్లలో వండింది మెత్తగా కలిసిపోయింది. కాలవ నీళ్లలో వండింది పలుకు పలుకే.

"తినండి సార్," అంది. ఆఫీసరు గిన్నెను పక్కకు నెట్టాడు.

"అమ్మా, భూమిని ఏలమని దేవుడే మనిషికి చెప్పాడు," అన్నారు పాస్టరుగారు.

"ఏదెను తోటని కాయమనీ చెప్పాడు కదండీ అయ్యగారూ! అదెప్పుడూ చదవరేం?" అంది అత్త.

"మా గుళ్ళోనూ అంతేనండీ," అంది మాధవి. "కాలవలో తల్లిని చంపేసి, బొమ్మకి క్యాన్ల నీళ్లతో అభిషేకం!"

నేనూ లేవబోతే నా మొగుడు కళ్యాణ్ నా చెయ్యి లాగాడు. "ఊరుకోవే ఝాన్సీ. ఆయన చెరువుల్లోనే నా కూలి."

"ఆ కూలితో కొన్న పప్పు ఉడకొద్దా?"

అతను నా చెయ్యి వదిలేశాడు.

అత్తా మాధవీ ముందు, వాళ్ల వెనక నలభై మంది ఆడవాళ్లం, చర్చివాళ్లం గుడివాళ్లం, అటునుంచటే వెళ్లి బస్తాల్లో మట్టి నింపి తూము మూసేశాం. సాయంత్రానికి పోలీసులు అత్తనీ మాధవినీ వ్యానెక్కించారు.

పొద్దున్నే స్టేషన్ ముందు ఇటుకలు పేర్చి నలభై పొయ్యిలు వెలిగించాం. అన్నింటి మీదా కాలవ నీళ్లు, కందిపప్పు. నా పొయ్యి దగ్గర కళ్యాణ్ కూర్చుని పుల్లలు ఎగదోస్తున్నాడు.

ఎస్సై బయటికొచ్చి అరిచాడు. "ఏంటమ్మా ఈ గోల? ఎంతసేపు?"

"పప్పు ఉడకగానే వెళ్లిపోతామండీ," అన్నాను.

ఆ నీళ్లలో అది ఉడకదని మా నలభై మందికీ తెలుసు.