ఊరుకోవడం కూడా రాయాలి

చేయి పీకేస్తున్నా స్వరకర్త ఆర్కెస్ట్రా నిర్వాహకుడికి ఉత్తరం రాస్తూనే ఉన్నాడు: "చివరి భాగంలో అందరూ ఊరుకుంటారు, ఒక్క ఫ్లూటే మిగులుతుంది. మౌనాన్ని మించిన సంగీతం లేదు."

అసలు సంగతేమిటంటే, అంతమందికి స్వరాలు రాసే ఓపిక అతనికి లేదు.

ఎవరు వాయించేది వాళ్ళకు విడిగా తిరగరాసిచ్చేది అతని భార్యే. వెనకనుంచి ఉత్తరం చదివి నిట్టూర్చింది.

"మాటలు బాగానే ఉన్నాయి. ఊరుకునేవాళ్ళకి మాత్రం రాయక్కర్లేదా ఏంటి? ఎంతసేపు ఊరుకోవాలో లెక్కగట్టి ఒక్కొక్కళ్ళకీ రాసివ్వాలి. వారం నుంచీ రాసి రాసి నా వేళ్ళూ అరిగిపోయాయండీ!"

అతను కళ్ళజోడు తీసి మొహం రుద్దుకున్నాడు. కాసేపటికి ఉత్తరం కింద ఇంకో మాట చేర్చాడు: "ఫ్లూట్ కూడా వద్దు. అందరూ ఆగినచోటే ముగింపు."

ఆమె తన కలానికి మూత పెట్టేసింది.

"ఈ ముక్క పోయిన వారమే తట్టకూడదూ?"