మేడ మీది అభ్యర్థి

ప్రత్యేక రాష్ట్రం ఖాయమైన వేసవి అది. ఎన్నికల ప్రచారం జోరందుకోగానే కొత్తపేటలో వేదవతి గారి డాబా మీద ఒక పెద్ద బెలూన్ లేచింది. నేరేడు రంగు గుడ్డ మీద, అసెంబ్లీకి పోటీ చేస్తున్న అభ్యర్థి మొహం నవ్వుతూ ఉండేది. గాలి మళ్లినప్పుడల్లా దాని నీడ పక్క డాబాల మీది వడియాల మీదుగా, ఆరేసిన చీరల మీదుగా ఈదుకుంటూ పోయి మళ్లీ వచ్చేది.

అభ్యర్థి మనిషి జానయ్య కిరాయి ఇస్తానన్నా ఆమె వద్దంది. గుడివాడ నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడే లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటోంది. ఇక్కడి అభ్యర్థి బెలూన్ నెత్తిన ఉంటే, అవతలి ప్రాంతం మనిషని తన ఇంటి మీద ఎవరూ రాయి వేయరని ఆమె ధీమా. మధ్యాహ్నాలు ఆ నీడలో పడుకుంటే, ఇల్లు నేలను వదిలి కాస్త పైకి తేలినట్టుండేది.

ఒక ఉదయం ఎన్నికల ఖర్చులు చూసే అధికారి, వీడియో తీసే అతనూ మెట్లెక్కి వచ్చారు. వెనకే జానయ్య.

"దీన్ని మీ ఖర్చులో చూపించలేదేం?" అని అధికారి జానయ్యను అడిగాడు.

"మాది గాదు సార్. గీ అమ్మనే అభిమానంతోని కట్టుకున్నది."

"మీదేనా అమ్మా? అభ్యర్థి అనుమతి లేకుండా కడితే కేసవుతుంది."

వేదవతి తలెత్తి చూసింది. ఆ మొహం నవ్వుతూనే ఉంది.

"నాది కాదండీ. ఈయనే తెచ్చాడు. కట్టుకోమన్నది మాత్రం నేనే."

అభ్యర్థి ఖర్చులో కలుపుతామని, వెంటనే దించమని చెప్పి అధికారి వెళ్లాడు. జానయ్య తాడు లాగి, బెలూన్ మూతి విప్పి, చరచరా దిగిపోయాడు.

కింది వాటాలో కిరాయికుండే ఎలీశమ్మ, దవాఖానలో ఆయా, చప్పుడు విని పైకొచ్చింది. గాలి పోతున్న గుడ్డ ఊగుతూ ఇద్దరి మీదికీ దిగింది. లోపల ఎండ నేరేడు రంగైంది. రోడ్డు మీది బస్సుల మోత ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది.

"ఇంక ఎవరైనా మీదికొస్తే ఏం చెయ్యను ఎలీశమ్మా?"

"ఎవలొస్తరమ్మా? రాష్ట్రమొచ్చిందని తీసిన ఊరేగింపుల నేను గూడ నడిచిన. మన గల్లీలకొచ్చినప్పుడు మీ కిటికీ మూసుంటే మస్తు బాధయింది."

"అందులో నువ్వున్నావా?"

"ఉన్న. మీరు జూస్తే చెయ్యి ఊపుదామనుకున్న."

వేదవతి ఆమె చెయ్యి పట్టుకుంది. గుడ్డ అంచు ఎటుందో వెతకడానికి ఇద్దరూ తొందరపడలేదు.