కోత పండుగ ఇంజను

గోపాల్ సేఠ్ షట్టరు కిందికి లాగి, లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి లాల్చీ జేబులో వేసుకునేదాకా సాల్మన్‌కు ఏమీ అర్థం కాలేదు.

హనుమకొండ చౌరస్తాలోని ఆ మోటారు సైకిళ్ల దుకాణానికి అతను వచ్చింది ఒకే పని మీద. పాత బండి ఇచ్చేసి కొత్త జావా తీసుకుపోవాలి. బేరం కుదిరింది. సేఠ్ చాయ్ కూడా తెప్పించాడు. ఇంజను నంబరు అచ్చు తీసుకుందామని గుడ్డ కిరసనాయిల్లో ముంచి రుద్దితే, మందంగా పట్టిన నల్లరంగు ఊడివచ్చింది. కాగితం ఆనించి పెన్సిలుతో గీకాడు. అంకెలు తేలాయి. వాటిని చూసి సేఠ్ చాయ్ పక్కనపెట్టి లేచాడు. లేచి షట్టరు దించాడు.

"ఈ ఇంజను నీకేడిదే, సాల్మన్?"

గొంతు పెంచలేదు. సాల్మన్‌కు భయం వేసింది అందుకే.

"ఏమైంది సేఠ్?"

"ఇది మా భాస్కర్ బండిది. నా చేతులతోటి నేనే ఇచ్చిన వానికి. నిద్రల లేపి అడిగినా ఈ నంబరు చెప్తా."

సేఠ్ తమ్ముడు భాస్కర్ సంగతి తెలియనివాళ్లు ఊళ్లో లేరు. కిందటి ఎండాకాలం నర్సంపేట రోడ్డు మీద బండి జారి కల్వర్టు కింద పడ్డాడు. ఎడ్లబండ్లవాళ్లు చూసి దవాఖానకు తెచ్చేసరికి ప్రాణం పోయింది. జర ముందు తెస్తే బతికేవాడని డాక్టరు అన్నాడు. బండి మాత్రం అక్కడ లేదు. ఎవడో మనిషిని వదిలేసి బండిని తీసుకుపోయాడు. అప్పటినుంచీ సేఠ్ ఆ మనిషి కోసమే చూస్తున్నాడు.

ఇప్పుడు ఆ ఇంజను సాల్మన్ బండిలో ఉంది.

"నాకు చర్చిల దొరికింది సేఠ్" అన్నాడు సాల్మన్. అన్నాక తన చెవులకే అది అబద్ధంలా వినిపించింది.

కానీ అది నిజం. వరంగల్‌లో ఒకటి, హనుమకొండలో ఒకటి, రెండు టాకీసులకూ కలిపి ఒకే సినిమా ప్రింటు. ఇక్కడ ఆడిన రీలు డబ్బా అక్కడికి చేర్చడం సాల్మన్ పని. ఆలస్యమైతే జనం కుర్చీలు విరగ్గొడతారు. పాత మిలిటరీ బండి ఎత్తు మీద దమ్ము పట్టేది. ఇది ఇచ్చేసి కొత్తది తెచ్చుకోమని భార్య లిదియా మొదటినుంచీ పోరింది. ఆమె తమ్ముడు ఏలియా ఒప్పుకోలేదు. కాజీపేట రైల్వే షెడ్డులో ఫిట్టరు వాడు. బండి ఉక్కులాగుంది, ఇంజను మారిస్తే చాలన్నాడు.

సరిగ్గా అప్పుడే కోత పండుగ వచ్చింది. ఆ పొద్దు చర్చిలో ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయలు, కోళ్లు, వడ్ల బస్తాలు. ఆరాధన అయ్యాక వాకిట్లో అన్నిటినీ హర్రాజు వేస్తారు. ఏది ఎవరు పెట్టారని అడిగే ఆచారం లేదు. దేవునికిచ్చిన దానికి పేరేమిటి? ఆ ఏడు గుమ్మడికాయల పక్కన గోనెపట్టాలో చుట్టిన ఇంజను ఉంది. చూసి అందరూ నవ్వారు. దీన్ని కూర వండుకుంటామా అని ఎవరో అన్నారు. ఏలియా మాత్రం సాల్మన్ పక్కటెముకల్లో పొడిచి, హర్రాజు పాడు బావా, నేనే బిగిస్తా అన్నాడు.

వాడే బిగించాడు. వాడే రంగు వేశాడు. ఇంజను మార్చినట్టు బండ్ల రిజిస్ట్రేషను ఆఫీసులో చెప్పే పని లేదన్నదీ వాడే. ఇంజను గాలిలా లాగింది. ఆ లాగుడుకు పాత చట్రం తట్టుకోలేక అతుకుల దగ్గర చీలడం మొదలైంది. ఇక సాల్మన్ లిదియా మాటకొచ్చాడు. బండి అమ్ముతానంటే ఏలియా మొహం తెల్లబోయింది. ఎంత పిసినారి బామ్మర్ది అనుకున్నాడు సాల్మన్.

ఇప్పుడు, మూసిన షట్టరు వెనక, అదంతా వేరేగా కనిపించింది. గోనెపట్టాలో చుట్టి పెట్టిందీ వాడే, పాడమని పొడిచిందీ వాడే. వేరెవరైనా పాడితే ఇంజను ఏదో ఒకనాడు ఈ దుకాణానికే చేరేది. ఇంట్లో ఉంటే ఎవరి కంటా పడదు.

"పెట్టినోడు ఎవడు?" అన్నాడు సేఠ్.

"పేర్లు అడగరు సేఠ్."

"అయితే నీ పేరే చెప్త పోలీసోళ్లకు."

సాల్మన్ చెమట తుడుచుకున్నాడు. చెబితే లిదియా తమ్ముడు జైలుకు పోతాడు. తల్లి పోయాక ఆమే వాణ్ని సాకింది. చెప్పకపోతే తను పోతాడు. కొత్త బండికి ప్రార్థన చేయించాలని లిదియా చర్చి అయ్యగారిని పిలిపించి ఇంట్లో కూర్చోబెట్టింది కూడా.

అప్పుడే షట్టరు దబదబా మోగింది.

"బావా, లోపల్నే ఉన్నవా? అక్క చెప్పింది. బండి అమ్మకు బావా. నీ కాళ్లు మొక్కుత."

సేఠ్ తల తిప్పి సాల్మన్ కళ్లలోకి చూశాడు.

"ఎవడు వాడు?"

"మా బామ్మర్ది."

"నీ బండి నువ్వు అమ్ముకుంటే వానికేం ఫికర్?"

సాల్మన్ షట్టరు వైపు చూశాడు. పొమ్మని ఒక్క కేక వేస్తే చాలు, ఏలియా కాజీపేటలో దొరికిన రైలెక్కి మాయమవుతాడు. ఆ కేక నోటిదాకా వచ్చింది. కానీ కల్వర్టు కింద పడున్న భాస్కర్ కళ్లముందు మెదిలాడు. లేచి షట్టరుకు దగ్గరగా నిలబడ్డాడు.

"ఏలియా. నువ్వు చూసేటప్పటికి ఆ పిలగాడు పానంతోటి ఉన్నడా?"

బయట చప్పుడు ఆగిపోయింది. రిక్షా గంట ఒకటి మోగుతూ దూరమైంది. పరుగెత్తే అడుగుల చప్పుడు కోసం లోపల ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. అది రాలేదు.

"నీళ్లడిగిండు బావా" అంది గొంతు, షట్టరుకు ఆనుకుని. "నీళ్లకే వాని బండెక్కిన. ఒట్టు, నీళ్లకే. ఎక్కినంక మళ్ల ఎనుకకు తిప్పలే."

సేఠ్ జేబులోంచి తాళంచెవి తీశాడు. అది జారి కింద పడింది. వంగలేక అట్లాగే నిలబడిపోయాడు. సాల్మనే తీసి తాళం తెరిచి షట్టరు ఎత్తాడు.

ఏలియా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. డ్యూటీ బట్టలు, చేతులకు గ్రీజు. బావ మొహం చూడలేదు. లేచి తనంతట తానే లోపలికొచ్చి, ఇంజను పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

పొమ్మన్నట్టు సేఠ్ సాల్మన్‌కు చెయ్యి ఊపాడు. దారి తెరిచే ఉంది. చౌరస్తాలో ఎండ ధగధగలాడుతోంది. ఇంటి దగ్గర లిదియా, అయ్యగారు కొత్త బండి చప్పుడు కోసం ఎదురుచూస్తుంటారు.

సాల్మన్ గడప మీద ఒక కాలు పెట్టాడు. ఏలియాను వదిలేసి పోవడానికి రెండోది కదల్లేదు.