డప్పు కాగాలి

మంటకు కాగితేగాని డప్పు పలకదు. ఆ సంగతి టీవీ స్టూడియోకి ఎలా తెలుస్తుంది? అగ్గిపుల్ల గీశారో పైనుంచి నీళ్లు కురుస్తాయని గుమ్మంలోనే హెచ్చరించారు. సింగపూర్ వానల తేమకు తోలు మెత్తబడిపోయింది. రాజకుమారి వేళ్లతో తట్టి చూస్తే తడిసిన అప్పడంలా చప్పుడే లేదు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో, వాటిని బాగుచెయ్యడానికి గుంటూరు వైపు నుంచి వచ్చిన ప్రోగ్రామర్ ఆమె. నగర శివార్లలోని చోవా చూ కాంగ్‌లో విశ్వేశ్వరరావు గారి ఫ్లాట్‌లో ఒక గదిలో అద్దెకుంటోంది. తెలుగువాళ్లలో ఆయన మాటకు ఎదురులేదు. దేశదేశాల పాటలతో టీవీవాళ్లు చేస్తున్న కార్యక్రమానికి ఆమె పేరిచ్చిందీ ఆయనే. ఏ ఊరని అడిగారుగాని, ఊళ్లో ఎటువైపని అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

ఇవాళ రిహార్సల్లో, రాజకుమారి నాన్న అప్పయ్య కట్టిన పాట విన్నాక ఆయనకు తెలిసింది. "మాదిగపల్లె మాది, ఊరి మేలుకొలుపు మాది" అన్న చరణం దగ్గర మొహం ముడుచుకుని, పక్కకు పిలిచారు.

"అమ్మాయ్, వట్టి పల్లె అంటే సరిపోద్ది కదా. ఆ ముందు మాటెందుకు? టీవీలో అంతా చూస్తారు. మనకెందుకొచ్చిన గొడవ?"

ఆ 'మన'లో తను సాయంత్రం దాకా ఉంటుందో లేదో. గది పోతే పోయింది, రేపు ఆఫీసులో మనవాళ్ల చూపులు మారతాయే అన్న భయం మాత్రం పట్టుకుంది. డప్పు చంకనేసుకుని మేకప్ గదిలోకి వెళ్లి కూర్చుంది.

అద్దం ముందు లొరెట్టా జుట్టు ఆరబెట్టుకుంటోంది. అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి గాయని, రాజకుమారి తర్వాత పాట ఆమెదే. పరాయి పొలాల్లో పత్తి ఏరిన అమ్మమ్మ పేరున్న చరణం వదిలెయ్యమని ప్రొడ్యూసర్ బతిమాలితే ససేమిరా అందట.

"ఆ పేరు తీసేస్తే మిగిలేది రాగమే. మా కథ కాదు," అంది ఇంగ్లీషులో.

రాజకుమారి వాళ్లమ్మ కూడా పత్తి ఏరినదే. రాజకుమారికి ఒళ్లు మండింది, విశ్వేశ్వరరావు గారి మీద కాదు, తన భయం మీద. లేచి, లొరెట్టా చేతిలోని హెయిర్ డ్రయ్యర్ అడిగి తీసుకుంది. వేడిగాలికి తోలు మెల్లగా బిగిసింది. ఒక్క దెబ్బ వేస్తే అద్దాలు అదిరాయి. లొరెట్టా పగలబడి నవ్వింది.

కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. ముందు వరసలో విశ్వేశ్వరరావు గారు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. నాన్న పాటలో ఆ మాట ఒక్కసారే వస్తుంది. రాజకుమారి రెండుసార్లు పాడింది.