నొసటి మీది ఎరుపు

స్కానరు మూత ఎత్తి, సుందరరాజ్ ఒక ఫొటోను అంచుల దగ్గర పట్టుకుని అద్దం మీద బోర్లించాడు. ఫొటో మీద వేలిముద్ర పడితే అది రాతి దాకా వస్తుంది. అందుకని ఈ పనిలో చేరినప్పటి నుంచి, ఏడేళ్ళుగా, పొద్దున పూట తలకు నూనె పెట్టుకోవడం కూడా మానేశాడు.

తిరుత్తణిలో సమాధిరాళ్ళ దుకాణమది. ముందు వసారాలో నల్లరాతి పలకలు, వెనక గదిలో లేజరు మిషను, నడిమి గదిలో కంప్యూటరు, దాని ముందు సుందరరాజ్ కుర్చీ. పోయినవాళ్ళ ఫొటోలు ఆ కుర్చీ దగ్గరికి వచ్చి, మచ్చలు పోగొట్టుకుని, రంగులు వదిలి, చుక్కలు చుక్కలుగా మారి రాతిలోకి వెళ్తాయి.

ఆ రోజు పక్కన ఇంకో కుర్చీ ఉంది. అందులో అరవిందన్ అని తిరువళ్ళూరు మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఊరికే చూసిపోదామని వచ్చినాడు మామా," అన్నాడు యజమాని నరేష్, గోడకేసి చూస్తూ.

ఊరికే చూసిపోయే మనిషి మధ్యాహ్నానికి క్యారియరు తెచ్చుకుంటాడా?

సుందరరాజ్‌కు ఆ మాట కొత్త కాదు. పొదటూరుపేటలో వాళ్ళది చీర అంచులకు డిజైన్లు గీసే ఇల్లు. గళ్ళకాగితం మీద గడి తర్వాత గడి నింపుతూ ముప్పై ఏళ్ళు హంసల్నీ మామిడిపిందెల్నీ గీశాడు. ఒక్క గడి తప్పితే నేతలో హంసకు కన్ను పోయేది. ఆయన చేతిలో ఏ హంసకూ కన్ను పోలేదు. అప్పుడు కంప్యూటరులో గీసేవాడొకడు వచ్చాడు. వాడూ ఊరికే చూసిపోదామనే వచ్చాడు. "అన్నా, అన్నా" అంటూ రెండు నెలలు పక్కనే కూర్చుని కాఫీలు తెచ్చి పోశాడు. మూడో నెలలో సుందరరాజ్ కూర్చునే చాప వాడి కిందికి పోయింది. యాభై దాటాక, మనవళ్ళ వయసు పిల్లల నడుమ కూర్చుని ఈ మౌసు పట్టడం నేర్చుకున్నాడు. వేడినీళ్ళు పడ్డ పిల్లి చన్నీళ్ళను చూసినా బెదురుతుంది మరి.

"అన్నా, ఇప్పుడు ఏ కీ నొక్కినారు?" అన్నాడు అరవిందన్.

"వేళ్ళు నొక్కినాయి. నేను చూడలా."

తెర మీదికి వచ్చిన ఫొటోలోని ఆమె పేరు రాజామణి. పళ్ళిపట్టు పక్క పల్లె. ఆమె మొగుడు దొరస్వామి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, వసారాలో రాళ్ళ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎల్లుండి కరుమాది, అంటే పెద్దకర్మ; ఆ పొద్దుకు రాయి పొలంలో నిలబెట్టాలి. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఈ ఒక్క ఫొటోనే ఆమెది మిగిలింది. అది కూడా చెమ్మ తగిలి మచ్చలు పట్టింది.

ఆడవాళ్ళ ఫొటోకు సుందరరాజ్‌కు సొంత పద్ధతి ఒకటుంది. ముందు నొసటి బొట్టును నల్లగా దిద్దుతాడు, ఆ తర్వాతే రంగు తీస్తాడు. రంగు తీస్తే ఎరుపు చామనచాయలో కలిసిపోతుంది. ఇది ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఎవరికీ ఆయన చెప్పలేదు. ఈ అరవిందన్ ఎదుట దిద్దడం ఇష్టం లేక, వీడు టీకి లేచినప్పుడు చూసుకుందాంలే అని ముందే రంగు తీసేశాడు. వాడు లేస్తేనా! సుందరరాజ్ తెరను కాస్త అటు తిప్పి, ఓరకంట వాడి కళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూనే మచ్చలు తుడిచాడు. చెంప మీది మచ్చ, మెడ మీది మచ్చ, నొసటి మీది మచ్చ.

కాగితం మీద నమూనా తీసి దొరస్వామికి ఇచ్చాడు. ముసలాయన దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఏమప్పా, నేనెప్పుడు సచ్చినాను?"

"ఏందయ్యా ఆ మాట?"

"పసుపుకుంకాలతో పోయిన మనిషి. నేనింకా బతికే ఉండానే, నా పెండ్లాం బొట్టు యాడ తీసిపెట్టినావు?"

సుందరరాజ్ చెవులు వేడెక్కాయి. ఏడేళ్ళలో ఇట్లాంటి తప్పు జరగలేదు. పక్కకు తిరిగి, "నువ్వు చూసినావు గదా?" అన్నాడు.

"చూసినా," అన్నాడు అరవిందన్ మెల్లగా. "మీ పద్ధతేమో అనుకుంటి."

మళ్ళీ మొదటి నుంచి. ఈసారి దొరస్వామిని దగ్గర కూర్చోబెట్టుకుని, రంగు తీయకముందే బొట్టు దిద్దడం మొదలుపెట్టాడు.

"నట్టనడిమిన వద్దు. ఎడమ కనుబొమ్మ దిక్కు కొంచెం జరుపు. ఆ యమ్మ ఏ పొద్దు అద్దం చూసింది! పొయ్యి ముందర నిలబడే పెట్టుకునేది."

ఫొటోలో బొట్టు చెమ్మకు చెదిరి ఉంది. ఆయన చెప్పిన చోటికే జరిపాడు. సాయంత్రానికి రాయి మిషను నుంచి బయటికి వచ్చింది. లేజరు తాకిన చోటల్లా తెల్లబడి ముఖం తేలింది. తాకని చోట బొట్టు నల్లగా నిలిచింది. దొరస్వామి కండువాతో రాతిపొడి తుడిచి, "ఇప్పుడు కోపంగా చూస్తా ఉండాది. సరి, ఆమే," అన్నాడు.

రాయి ఆటో ఎక్కాక సుందరరాజ్ నరేష్ ముందు నిలబడ్డాడు.

"నిజం చెప్పు. ఈయన ఎందుకొచ్చినాడు?"

నరేష్ నేలచూపులు చూశాడు. "ఆయనకు మిషను పనీ తెలుసు మామా. రెండింటికీ ఒక్కరు సాలు. నెలాఖరుదాకా మీరే ఉండండి."

పొద్దుటి నుంచి బిగదీసుకున్న భుజాలు అప్పుడు దిగాయి. అనుమానమే మనిషిని తింటుంది గానీ, తెలిసిపోయాక తినడానికి ఏముంది?

"ఇట్లా దా," అని అరవిందన్‌ను పిలిచాడు. "ఆడోళ్ళ ఫొటో వస్తే ముందు నొసలు చూడు. రంగు తీయకముందే బొట్టు దిద్దు. తీసినాక ఎతికితే దొరకదు."

ఈసారి అనుమానంగా చూడడం అరవిందన్ వంతయింది. "నాకెందుకన్నా చెప్తా ఉండారు?"

"నీకు గాదు. రాయి మింద ఉండే వాళ్ళకి."

పొదటూరుపేట బస్సుకు ఆయన ఎప్పటిలాగే వెళ్ళాడు. నెలాఖరు దాకా కాదు గదా, మర్నాడు కూడా రాలేదు.

మర్నాడు అరవిందన్ ఆ కుర్చీని తన ఎత్తుకు సరిచేసుకుని కూర్చుంటే, కీబోర్డు వెనక అరచేయంత రాతిముక్క కనబడింది. ముందురోజు పెద్దరాయి మీద చెక్కేముందు సుందరరాజ్ పరీక్షగా పెట్టి చూసిన ముక్క. దాని మీద కళ్ళు లేవు, ముక్కు లేదు, పేరు లేదు. నొసలంత తెలుపు, అందులో ఎడమ కనుబొమ్మ ఉండాల్సిన వైపుకు కాస్త జరిగి, ఒక నల్లటి బొట్టు.